సాయంత్రం మొత్తం కాలింగ్ మొదటిసారి నాదే – నా కాంట్రా ప్రోగ్రాం చూసి చెప్పండి

నాలుగుచేతులు · శుక్రవారం, రాత్రి 10:52

అందరికీ నమస్కారం. ఆరేళ్ళుగా కాంట్రా ఆడుతున్నాను. రెండేళ్ళుగా అక్కడక్కడా ఒకటీ రెండూ డాన్సులు కాల్ చేస్తున్నాను. ఇప్పుడు అమెరికాలో న్యూహాంప్‌షైర్ రాష్ట్రం దక్షిణాన ఒక చిన్న ఊరి టౌన్‌హాల్ వాళ్ళు సాయంత్రం మొత్తం నన్నే కాల్ చెయ్యమన్నారు. వచ్చే నెల రెండో శనివారం. అప్పటినుంచీ నిద్ర లేదు.

ఈ విభాగంలో కాంట్రా తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. ఇది ఇక్కడి జానపద నృత్యం. జంటలు పొడుగాటి వరసల్లో ఎదురెదురుగా నిలబడతారు. నలుగురు నలుగురుగా చేతులు కలిపితే ఒక చిన్న గుంపు. ఆ నలుగురూ కలిసి 64 దెబ్బల పాటు కొన్ని అడుగులు వేస్తారు, అది పూర్తయ్యేసరికి ప్రతి జంటా ఒక మెట్టు ముందుకు జరిగి కొత్త జంటని కలుస్తుంది. మళ్ళీ అదే మొదటినుంచి. ఏ అడుగు ఎప్పుడో మైకులో చెప్పేవాడు కాలర్. ఎదుటి జంటలోవాళ్ళు 'పొరుగువారు'. ఇద్దరు పట్టుకుని గిరగిరా తిరిగితే స్వింగ్, ముందుకీ వెనక్కీ ఒక ఊపు ఊగితే బాలెన్స్, నలుగురూ మధ్యలో చేతులు కలిపి తిరిగితే స్టార్, ఇద్దరు చేతులు పట్టకుండా ఒకరి చుట్టూ ఒకరు తిరిగితే డోసిడో.

వివరాలు: 7:00కి కొత్తవాళ్ళకి పాఠం, 7:30 నుంచి 10:30 వరకు డాన్స్. బ్యాండు ఫిడేలు, పియానో, మాండొలిన్. సుమారు 50 మంది వస్తారట, అందులో 15 మంది పక్క కాలేజీ పిల్లలు, ఎప్పుడూ ఆడనివాళ్ళు.

నేను 14 డాన్సులు ఏరాను. మొదటిది తేలికైనది, లేడీస్ చైన్ (ఇద్దరు ఆడవాళ్ళు కుడిచేతులు పట్టి అవతలివైపుకి మారడం) ఉంటుంది. రెండోది బెకెట్ (జోడీ పక్కపక్కనే నిలబడి మొదలుపెట్టే రకం). నాలుగోదాంట్లో ఫుల్ హే (నలుగురూ జడ అల్లినట్టు ఒకరినొకరు దాటుకుంటూ నడవడం). ఏడోది పాతకాలపు కోరస్ జిగ్. పెట్రొనెల్లా ఉన్నవి ఐదు (నాకు పిచ్చి ఇష్టం). చివరిది అన్నిటికన్నా కష్టమైనది, గ్రాండ్‌గా ముగించాలని. ఎలా ఉంది?

---

పాత_బూట్లు · శుక్రవారం, రాత్రి 11:40

ముందు గడియారం చూడు తమ్ముడూ, తర్వాత డాన్సులు.

నీకున్నది 180 నిమిషాలు. విరామం 20 తీసెయ్. విరామానికి ముందొక వాల్ట్‌జ్, ఆఖర్న ఒకటి, రెండూ కలిపి 10. ప్రకటనలు, చందా డబ్బా గురించి చెప్పే మాటలు 5. మిగిలింది 145. ఒక్కో డాన్సుకి జోడీ వెతుక్కుని వరస కట్టడం, నువ్వు నడిపించి చూపించడం, పాట, చివర చప్పట్లు, అంతా కలిపి 13 నిమిషాలు పడుతుంది. భాగించు. పదకొండు. సగం హాలు కొత్తవాళ్ళయితే పది. నువ్వు పద్నాలుగు రాశావు. ఆ మూడు నాలుగూ ఎక్కడ ఆడిస్తావు, పార్కింగ్ లాట్‌లోనా?

రెండో సంగతి. ఇది నీకిష్టమైన డాన్సుల జాబితా. ప్రోగ్రాం అనరు దీన్ని. నేనూ మొదటిసారి ఇదే చేశాను కాబట్టి తిడుతున్నాను. పెట్రొనెల్లా ఐదుసార్లా? పోపులో ఇంగువ బాగుంటుందని డబ్బా అంతా వంపుతామా? నలుగురూ చేతులు పట్టి బాలెన్స్ చేసి, కుడివైపు తిరుగుతూ పక్కవాడి చోటికి దూకడం ఒకసారి సరదా, రెండోసారి కూడా సరదానే. అయిదోసారికి మోకాళ్ళు పట్టుకుని కుర్చీల్లో కూర్చుంటారు.

ఒక పని చెయ్యి. కాగితం మీద అడ్డంగా అడుగుల పేర్లు, నిలువుగా డాన్సులు రాసుకుని గడులు నింపు. చైన్ ఎక్కడెక్కడ, హే ఎక్కడ, ఏది పొరుగువారితో బాలెన్స్-స్వింగ్‌తో మొదలవుతోంది, స్టార్ ఎన్నిసార్లు. నీ పద్నాలుగులో పది ఒకేలా మొదలవుతాయని నా పందెం.

---

నాలుగుచేతులు · శనివారం, ఉదయం 7:15

అక్కా, తొమ్మిది. పందెం మీరే గెలిచినట్టు.

---

చార్లెట్_చిన్నోడు · శనివారం, ఉదయం 8:03

బ్రో, ముందు ఆ 'లేడీస్ చైన్' మార్చు. ఇప్పుడు చాలా చోట్ల లార్క్స్, రాబిన్స్ అనే అంటున్నారు. రెండూ పిట్టల పేర్లు, జోడీలో ఎడమవైపు (లెఫ్ట్) ఉండేది లార్క్, కుడివైపు (రైట్) ఉండేది రాబిన్, ఎవరు ఎటు ఆడినా ఫరవాలేదు. ఆ హాలు వాళ్ళని అడుగు, వాళ్ళ అలవాటేదో అదే వాడు. ఇంట్లో ఒకటి సాధన చేసి మైకులో ఇంకోటి అనబోతే నాలుక మడత పడుతుంది, నాకు అయింది.

కోరస్ జిగ్ మాత్రం తీసెయ్. ముందుండే జంటలే ఆడతాయి, మిగతావాళ్ళు చేతులు కట్టుకుని చూడాలి. మా ఆషెవిల్ (నార్త్ కరొలైనా) వైపు అయితే సగం మంది నీళ్ళు తాగడానికి వెళ్ళిపోతారు.

---

గోదారిగట్టు · శనివారం, ఉదయం 9:30

రాజమండ్రి నుంచి. మీ డాన్స్ నేను చూడలేదు కానీ చదువుతుంటే మా కోలాటం గుర్తొస్తోంది. మా ఊళ్ళో పంతులు ఈల వేస్తే కోపు మారేది. ఆయన జాబితా రాసుకోవడం నేనెప్పుడూ చూడలేదు. ఆడేవాళ్ళ కాళ్ళకేసి చూసేవాడు, అంతే. అలిసిపోయారనిపిస్తే నెమ్మది కోపు, ఊపు మీదుంటే జోరు కోపు. మీ కాలర్లు అలా చెయ్యరా నాయనా?

ఇంకో చిన్న సందేహం. లార్కులు, రాబిన్లు అంటున్నారు. తెలుగులో అయితే ఎలుగులు, కుందేళ్ళు అనుకోవచ్చుగా? ఎ అంటే ఎడమ, కు అంటే కుడి.

---

చార్లెట్_చిన్నోడు · శనివారం, ఉదయం 9:41

మాస్టారూ 😂 "కుందేళ్ళు చైన్!" ఇక నేను వేరే మాట వాడను.

---

పాత_బూట్లు · శనివారం, మధ్యాహ్నం 12:20

మాస్టారు చెప్పింది సరిగ్గా మేం చేయాల్సిన పనే, చాలామందిమి చెయ్యం. కార్డు మీద రాసుకున్నది వదల్లేం. ఖరీదైన కూర వండాం కాబట్టి మీరు తినాల్సిందే అన్నట్టు ఉంటుంది.

తమ్ముడూ, నేను పేర్లు రాసుకోను, ఖాళీలు రాసుకుంటాను. "మూడో ఖాళీ: చైన్ నేర్పేది, స్వింగులు ఎక్కువ, హే లేనిది." ఆ ఖాళీకి మూడు కార్డులు పట్టుకెళ్తాను, తేలికది, మధ్యస్థం, కొంచెం కష్టం. పదకొండు డాన్సులకి ముప్ఫై కార్డుల కట్ట. రెండో డాన్సు ఎలా నడిచిందో చూసి మూడోది ఏరతాను. మనిషి తక్కువై 12 మందే వస్తే? కాంట్రా వరస కట్టినా గట్టిగా మూడు నిమిషాల్లో అందరూ అందర్నీ కలిసేస్తారు. అలాంటి రాత్రికి మూడు జంటలతో ఆడే ట్రిప్లెట్లు రెండు, గుండ్రంగా జోడీ మారే మిక్సర్ ఒకటి కట్ట అడుగున ఉంచు. ట్రిప్లెట్లు పాతతరం కాలర్ టెడ్ సనెల్లా చాలా రాసిపెట్టి పోయాడు, మనకి అన్నం పెడుతున్నాయి.

ఇక ఏ డాన్సు ముందు, ఏది వెనక అన్న సంగతి. కొత్తవాళ్ళలో చాలామంది విరామంలో ఇంటికెళ్ళిపోతారు. అందుకే మొదటి సగం వాళ్ళది. వాళ్ళు నవ్వుతూ వెళ్తే మళ్ళీ వస్తారు. విరామం తర్వాత మొదటిది తేలికది పెట్టు, ఎందుకంటే అప్పుడు జనం కుకీలు నములుతూ ఒక్కొక్కరే వస్తుంటారు, నడిపించి చూపించేటప్పుడు సగం మంది ఉండరు. దాని తర్వాత రెండు, అవే నీ కష్టమైనవి. ఆఖరిది ఎప్పుడూ తేలికగా, స్వింగులు దండిగా, ఒక్కసారి నడిపిస్తే చాలన్నట్టు ఉండాలి. పది గంటలకి ఎవరి బుర్రా పనిచెయ్యదు, కాళ్ళే పనిచేస్తాయి. నువ్వు సరిగ్గా తిరగేసి పెట్టావు.

బెకెట్ రెండోది వద్దు. అక్కడ జోడీ పక్కపక్కనే నిలబడి ఎదుటి జంటని చూస్తుంది, కొత్త జంట కోసం పక్కకి జరగాలి. ఎదురుగా ఉన్నవాళ్ళని దాటి ముందుకెళ్ళడమే ఇంకా ఒంటబట్టనివాళ్ళకి అది చక్కర్లు కొట్టిస్తుంది. నాలుగో అయిదో డాన్సుకి పెట్టు.

కోరస్ జిగ్ మీద చిన్నోడితో నాకు తగవు ఉంది, సాయంత్రం రాస్తాను. బియ్యం పొయ్యి మీదున్నాయి.

---

ఫిడేలు_బాబాయి · శనివారం, మధ్యాహ్నం 2:05

బ్యాండు తరఫున కొన్ని మాటలు. నేను చిన్నప్పుడు విజయవాడలో కర్ణాటక సంగీతం నేర్చుకున్నవాణ్ణి, ఇక్కడికొచ్చాక ఈ రీళ్ళు, జిగ్గులు అనే ట్యూన్లు పట్టుకున్నాను. నీకు తాళం భయం ఉంటే ఇలా చూడు. మొత్తం 64 దెబ్బలు అంటే ఆదితాళంలో 8 ఆవర్తనాలు (ఒక్కోటి 8 దెబ్బలు). ట్యూన్‌లోని నాలుగు భాగాలు, ఏ1, ఏ2, బీ1, బీ2, ఒక్కోటి రెండేసి ఆవర్తనాలు. ప్రతి అడుగూ ఎక్కువభాగం ఒక ఆవర్తనం, స్వింగు బాలెన్స్‌తో కలిపి రెండు. నీ మాట సమం (ఆవర్తనం మొదటి దెబ్బ) మీద పడకూడదు. ముందు ఆవర్తనం చివరి నాలుగు దెబ్బల్లో చెప్పి నోరు మూసుకోవాలి, అడుగు సమం మీద పడాలి. మనవాళ్ళకి ఇది అతీత ఎడుపులాగే (పాట సమానికి ముందే ఎత్తుకోవడం) అలవాటవుతుంది.

ప్రోగ్రాం వేసేటప్పుడు మా గురించి కూడా ఆలోచించండి. ప్రతి డాన్సుకీ "ఏదో ఒకటి వాయించండి" అంటే అన్నీ ఒకేలా వినిపిస్తాయి. కార్డు మాకు చూపించి ఇది హాలు కిందికి, అంటే బ్యాండుకి దూరంగా, నడిచే డాన్సు, కవాతులా ఉండే ట్యూన్ కావాలి అను. ఇది హే, జారుతున్నట్టు ఉండాలి అను. బాలెన్సులు ఎక్కడ పడతాయో చెప్పు, అక్కడ మేం గట్టిగా కొడతాం. రెండు రీళ్ళ మధ్య ఒక జిగ్గు పడేలా చూసుకో. మాకు వేగం నిమిషానికి 116 దగ్గర హాయిగా ఉంటుంది. అంటే ఒక చుట్టు 33 సెకన్లు, తొమ్మిది నిమిషాలకి సుమారు 16 చుట్లు. పన్నెండు నిమిషాలు ఆడించావంటే నా మణికట్టు నీకు పోస్టులో వస్తుంది.

ఆపేటప్పుడు ఇంకా మూడు చుట్లు ఉండగానే వేళ్ళు చూపించు. ఆఖరి చుట్టు సగంలో చెయ్యి ఊపితే మాకు గుండె ఆగుతుంది.

మొదలుపెట్టేటప్పుడు ఫిడేలు మీద నాలుగు దెబ్బలు వేస్తాం, దాన్ని 'ఫోర్ పొటేటోస్' అంటారు. ఎందుకన్నది అడగొద్దు, బంగాళాదుంపలతో ఈ దేశానికున్న అనుబంధం అలాంటిది. అవి వినిపించగానే నీ మొదటి మాట పడాలి.

---

కొత్తపిట్ట · శనివారం, సాయంత్రం 5:18

నేను ఇప్పటికి మూడుసార్లే వెళ్ళాను కాబట్టి సలహా చెప్పే అర్హత లేదు, కానీ ఆ 15 మంది పిల్లల్లో నేనూ ఒకదాన్నే అనుకోండి.

మొదటి రోజు నన్ను ఏడిపించింది అడుగులు కాదు. లైను చివరికి వెళ్ళాక మాకు ఎదురు జంట లేదు. ఏం చెయ్యాలో ఎవరూ చెప్పలేదు. నిలబడ్డాం. తర్వాత మళ్ళీ లోపలికి వచ్చేసరికి నేనూ నా జోడీ తప్పు వైపుల్లో ఉన్నాం, నలుగురి ఆట చెడిపోయింది. ఎవరూ ఏమీ అనలేదు కానీ నాకు తల కొట్టేసినట్టయింది. "చివర ఒక చుట్టు ఆగండి, మీ జోడీతో చోట్లు మార్చుకుని వెనక్కి తిరిగి నిలబడండి" అని ఒక్క ముక్క చెప్పి ఉంటే బాగుండేది.

రెండోది స్వింగ్. కళ్ళు తిరిగి వాంతి వచ్చేంత పనయింది. గోడలకేసి చూడకుండా ఎదుటివాళ్ళ మొహం చూడాలని మూడోసారి వెళ్ళినప్పుడు ఒక పెద్దావిడ చెప్పింది. అది పాఠంలో మొదటి వాక్యం కావాలి.

---

పాత_బూట్లు · శనివారం, రాత్రి 8:50

కొత్తపిట్టా, నువ్వు చెప్పింది బంగారం. తమ్ముడూ, మొదటి రెండు డాన్సుల్లో చివరి జంటల సంగతి మైకులో చెప్పు, ప్రతి చుట్టుకీ చెప్పినా తప్పులేదు.

ఇక కోరస్ జిగ్. (పేరు జిగ్ కానీ వాయించేది రీలు. ఫిడేలు బాబాయ్, మీరు నవ్వుకుంటూ ఉంటారు.) చిన్నోడూ, నువ్వన్నది నిజమే, ముందు జంటలదే పని. కానీ న్యూహాంప్‌షైర్‌లో రాల్ఫ్ పేజ్ కాల్ చేసిన ఊళ్ళల్లో ఆడేవాళ్ళు ఇంకా ఉన్నారు. ఆ ట్యూన్ మొదలవగానే కుర్చీల్లోంచి లేచే తాతలు ఉన్నారు. పక్క జంటలు ఖాళీగా నిలబడవు, కాంట్రా కార్నర్స్‌లో మూలన నిలబడి చెయ్యి అందించాల్సింది వాళ్ళే. ఆ ఎదురుచూడ్డంలోనే మజా. అందరూ అన్నివేళలా గిరగిరా తిరిగే ఈ కాలపు డాన్సులు నాకూ ఇష్టమే, రాత్రంతా అవే అయితే మాత్రం పాయసంతోనే కడుపు నింపినట్టు.

కాకపోతే ఏడోది కాదు. జోడీకి కుడి చెయ్యి, మూలవాళ్ళకి ఎడమ, మళ్ళీ జోడీకి కుడి, రెండో మూలకి ఎడమ. ఇది పిల్లలకి ఆ రాత్రే నేర్పాలంటే పది నిమిషాలు పోతుంది. కట్టలో ఉంచు. తెల్ల జుట్లు ఎన్ని మిగిలాయో చూసి తియ్యి.

---

చార్లెట్_చిన్నోడు · శనివారం, రాత్రి 9:12

సరే అక్కా, తాతల కోసం ఒప్పుకుంటున్నా. కానీ ఒక్క మాట. "ఒకే అడుగు రెండు డాన్సుల్లో వెంటవెంటనే రాకూడదు" అని అందరూ అంటారు కదా, కొత్తవాళ్ళ దగ్గర అది తప్పు. మూడోదాంట్లో చైన్ నేర్పావా, నాలుగోదాంట్లో కూడా చైన్ పెట్టు, వేరే చోట. అప్పుడే ఒంట్లోకి దిగుతుంది. హే కూడా అంతే, ముందు సగం హే ఉన్న డాన్సు, తర్వాతే పూర్తి హే.

---

నాలుగుచేతులు · ఆదివారం, ఉదయం 10:30

అందరికీ వందనాలు. మళ్ళీ వేశాను. పది ఖాళీలు.

ఒకటి, రెండు: సర్కిల్, స్టార్, డోసిడో, స్వింగ్ అంతే. మూడు: చైన్ నేర్పేది. నాలుగు: చైన్ మళ్ళీ, జిగ్గులతో, హాలు కిందికి నడక. ఐదు: తేలికైన బెకెట్, ఊపుగా. వాల్ట్‌జ్, విరామం. ఆరు: తేలిక. ఏడు: సగం హే. ఎనిమిది: పూర్తి హే, లేదా కోరస్ జిగ్. తొమ్మిది: పెట్రొనెల్లా (ఒక్కటే! ఏడుస్తూ నాలుగు తీసేశాను). పది: స్వింగులు. వాల్ట్‌జ్.

హాలు వాళ్ళని అడిగాను, లార్క్స్-రాబిన్స్ అన్నారు. ఈ నెలంతా కారులో ట్యూన్లు పెట్టుకుని ఒక్కణ్ణే కాల్ చేసుకుంటూ వెళ్తున్నాను. సిగ్నల్ దగ్గర పక్క కారువాళ్ళు అద్దం ఎక్కించుకుంటున్నారు.

ఒక పక్క ప్రశ్న: మా సంఘం వాళ్ళు ఉగాదికి ఇది చేయించమంటున్నారు. 200 మంది, చీరలు, పిల్లలు, పులిహోర. తెలుగులో కాల్ చెయ్యాలట. అవుతుందా?

---

పాత_బూట్లు · ఆదివారం, ఉదయం 11:05

ఉగాదికి కాంట్రా వద్దు. పిల్లలు మధ్యలో పరిగెత్తే చోట గుండ్రంగా ఆడేవి రెండు, జంటకి జంట ఎదురుగా పెద్ద వలయంలో కదిలే సిసిలియన్ సర్కిల్ ఒకటి, చాలు. స్వింగు బదులు మోచెయ్యి పట్టి తిరగమను. అరగంటలో ముగించి భోజనాలకి పంపు.

తెలుగులో కాలింగ్ మాత్రం భేషుగ్గా కుదురుతుంది. ఎవరితో, ఏ చేత్తో, ఏం చెయ్యాలి, ఇదీ కాలర్‌కి నేర్పే క్రమం. తెలుగు వాక్యం సహజంగా అలాగే నడుస్తుంది, క్రియ ఆఖర్నే వస్తుంది. "జోడీకి, కుడిచెయ్యి, తిప్పు." ఒక్కటే జాగ్రత్త, నెయిబర్‌ని 'పక్కింటావిడ' అని అనువదించకు. ఒకసారి నేనన్నాను. "పక్కింటావిణ్ణి పట్టుకుని తిప్పండి" అనగానే హాలంతా నవ్వి నాలుగు చుట్లు పోయాయి.

---

నాలుగుచేతులు · ఐదు వారాల తర్వాత, ఆదివారం, మధ్యాహ్నం 1:15

అయిపోయింది. బతికే ఉన్నాను.

వాన. వచ్చింది 38 మంది, కొత్తవాళ్ళు 17. అంటే దాదాపు సగం. పది ఖాళీల్లో తొమ్మిదే నడిచాయి.

మొదటి డాన్సు నడిపించి చూపించాను, ఫిడేలు నాలుగు బంగాళాదుంపలు వేసింది. నేను శ్రద్ధగా నాలుగూ లెక్కపెట్టాను. లెక్కపెట్టి ఊరుకున్నాను. నోట్లోంచి మాట రాలేదు. హాలంతా నన్నే చూస్తోంది. పాతవాళ్ళు జాలిపడి వాళ్ళే బాలెన్స్ మొదలుపెట్టారు, రెండో ఆవర్తనంలో నేను అందుకున్నాను. బాబాయ్, మీరు చెప్పింది విన్నాను, కానీ వినడం వేరు.

మూడోదాంట్లో ఇంకో తప్పు. నాలుగు చుట్లు బాగా నడిచాయని గర్వపడి కాల్ చెయ్యడం ఆపేశాను. కాలేజీ పిల్లలున్న వరస కింది చివర దారం తెగిన పూసల్లా విడిపోయింది. మళ్ళీ మైకు పట్టి ఆ డాన్సు అయ్యేదాకా వదల్లేదు. నాలుగోది చైన్ ఉన్నదే కదా, అక్కడ మాత్రం ఆ పిల్లలే హాయిగా ఆడారు. చిన్నోడూ, నీకు సమోసా బాకీ.

బెకెట్ ఆడించలేదు. కాళ్ళకేసి చూస్తే వద్దనిపించింది, గోదారిగట్టు మాస్టారూ. దాని బదులు కట్టలోంచి ఇంకో తేలికది తీశాను. ఎవరికీ తెలియలేదు.

విరామం తర్వాత కొత్తవాళ్ళు ఆరుగురే మిగిలారు. ఒక తాతగారు వచ్చి "కోరస్ జిగ్ ఉందా కట్టలో?" అని అడిగారు. ఉంది. నేర్పడానికి ఆరు నిమిషాలు పట్టింది, ఒక డాన్సు పోయింది. పోయింది ఏదో తెలుసా? నా పెట్రొనెల్లా. కానీ ఆ తాతగారు కాంట్రా కార్నర్స్ తిరుగుతుంటే పియానో ఆవిడ తల తిప్పి చూస్తూ వాయించింది.

---

ఫిడేలు_బాబాయి · ఆదివారం, మధ్యాహ్నం 1:50

మూడు చుట్లు ముందు వేళ్ళు చూపించావా లేదా?

---

నాలుగుచేతులు · ఆదివారం, మధ్యాహ్నం 1:53

చూపించాను బాబాయ్. ఒకసారి రెండు చూపించి మూడు ఆడించాను.

---

కొత్తపిట్ట · ఆదివారం, మధ్యాహ్నం 3:20

ఆ మూడో డాన్సు కార్డు ఇక్కడ పెడతారా? మా కాలేజీలో ఒక శుక్రవారం ప్రయత్నిద్దామని ఉంది. నేనే కాల్ చేస్తా అన్నాను, ఎందుకన్నానో తెలీదు.

---

నాలుగుచేతులు · ఆదివారం, సాయంత్రం 4:02

ఇదిగో. ఇవే ముక్కలు ఈ వరసలో ఎవరో ఎప్పుడో రాసే ఉంటారు, నాది అని చెప్పుకోను.

ఏ1: పొరుగువారితో బాలెన్స్, స్వింగ్.
ఏ2: నలుగురూ చేతులు పట్టి ఎడమకి ముప్పావు చుట్టు. మీ జోడీతో స్వింగ్.
బీ1: పొడుగు వరసలు ముందుకీ వెనక్కీ. రాబిన్స్ చైన్.
బీ2: ఎడమ చేతులతో స్టార్, ఒక పూర్తి చుట్టు. వదిలేసి, వరసలో వచ్చే కొత్త పొరుగువారితో డోసిడో.

ఏ2లో ముప్పావు చుట్టు దాటి పోతారు, అక్కడ "ముప్పావే, మీ జోడీ పక్కకి రాగానే ఆగండి" అని గట్టిగా చెప్పు. చివరి జంటల గురించి నీకు నేను చెప్పక్కర్లేదు.

బంగాళాదుంపలు లెక్కపెట్టకు.